వెనక గది కాన్పు

ఆసుపత్రి కిటికీ కింద నిలబడి లోపల పడే దెబ్బలు వినే ఖర్మ హనుమక్కకు ఈ వయసులో పట్టింది. నలభై ఏళ్లు ఊర్లో మంత్రసానితనం చేసిన మనిషి. కాన్పులన్నీ ఆసుపత్రికి మారిపోయాక కూడా ఆడవాళ్లు ఆమెను వదల్లేదు. నొప్పులు మొదలవగానే పిలుస్తారు, ఆమె వెంట వస్తుంది. బల్ల పక్కన నిలబడి నడుం పడుతుంది, నోట్లో నీళ్లు పోస్తుంది, ఆయా చెయ్యెత్తితే ఆ చెయ్యి పట్టుకుంటుంది. ఇప్పుడు స్వైన్ ఫ్లూ అని ఏదో దిగింది. కడుపుతో ఉన్న మనిషి తప్ప ఇంకెవరూ కాన్పుల వార్డులోకి రాకూడదని, సెప్టెంబరు 2009 అని తేదీ వేసి, గేటుకు కాగితం అంటించారు.

లోపల ఉన్నది సుంకప్ప కోడలు. తొలి కాన్పు. పొద్దున గేటు దగ్గర హనుమక్క చెయ్యి వదిలించుకుని లోపలికి పోవడానికి ఆ పిల్లకు పది నిమిషాలు పట్టింది.

"అవ్వా" అని కేక వినబడింది. ఆ వెంటనే తొడ మీద అరచెయ్యి పడిన చప్పుడు. తర్వాత ఆయా బయమ్మ గొంతు.

"అవ్వ ల్యా, తాత ల్యా. అప్పుడు లేని ఏడుపు ఇప్పుడేంటికే? నోరు మూసుకోని ముక్కు."

హనుమక్క మునివేళ్ల మీద లేచి కిటికీ చువ్వ పట్టుకుంది. "నీ కడుపున పుట్టిందయితే ఇట్లనే కొడ్తావా బయమ్మా?" అని అడిగింది. జవాబుగా కిటికీ రెక్క మూసుకుంది.

అప్పుడే ఒక జీపు వచ్చి ఆగింది. రోడ్డు కాంట్రాక్టరు కూతురు దిగింది, కడుపు మీద చెయ్యి పెట్టుకుని. వెనక వాళ్లమ్మ, చిన్నమ్మ, ఫ్లాస్కు పట్టుకున్న పనామె. వాచ్‌మన్ కొండప్ప గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. నలుగురూ లోపలికి పోయారు. కొండప్ప మూతికి కట్టుకోవాల్సిన గుడ్డ గడ్డం కింద వేలాడుతోంది.

"ఏమప్పా కొండప్పా, జీపులో వచ్చినోళ్లకి రాదా ఆ రోగం?"

"నన్నేం అడగొద్దు హనుమక్కా. మూతికి గుడ్డ కట్టుకోమన్నారు, కట్టుకున్యా. గేటు తీయమన్నారు, తీసినా. నాదేముండాది ఇందులో."

హనుమక్క రోడ్డు దాటి టీ కొట్టు దగ్గరికి పోయి, చెంబుడు నీళ్లు అడిగి, నోరు పుక్కిలించి ఉమ్మింది. సాయంత్రం సుంకప్ప కోడలికి మగబిడ్డ అని చెప్పారు. మర్నాడు ఆ పిల్లను ఇంటికి తీసుకొచ్చి స్నానం చేయిస్తుంటే తొడల మీద నాలుగు వేళ్ల గుర్తులు అట్లాగే ఉన్నాయి. వేణ్ణీళ్లు పోస్తున్నంతసేపూ ఆ పిల్ల గోడకేసి చూస్తూ కూర్చుంది. నువ్వు రాలేదేమని అడిగినా బాగుండేదనిపించింది హనుమక్కకు.

*

ఈ సంగతి ఊర్లో అందరికంటే ముందు మల్లీశ్వరికి తెలిసింది, ఎందుకంటే ఆమెకు నెలలు నిండాయి. ఇంకో వారంలో కాన్పు.

"నేను ఆడికి పోను" అంది మల్లీశ్వరి. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. "నువ్వు లోపలికొస్తే పోతా. లేదంటే నువ్వే ఈడ చెయ్యి."

"అదే నేనూ చెప్తాండా" అంది అత్త నాగలక్ష్మమ్మ, చెనిక్కాయలు ఒలుస్తూ. "మా ఓబిలేషు నీ చేతుల్లోనే పుట్టినాడు కదా. వానికేమైంది, గుండ్రాయి మాదిరి ఉండాడు."

హనుమక్క మల్లీశ్వరి పాదం ఒళ్లోకి తీసుకుని చీలమండ పైన బొటనవేలుతో నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు. రెండో కాలూ అంతే. ముఖం కూడా కొంచెం ఉబ్బింది, కళ్ల కింద ముఖ్యంగా.

"తలనొప్పి ఉండాదా?"

"కొంచెం."

"కండ్ల ముందర మిణుగురులేమన్నా?"

"లేదు."

"వస్తే చెప్పల్ల. దాచిపెడితే సంపుతా." హనుమక్క పాదం కింద పెట్టింది. "ఈ వాపు మంచిది కాదు పాపా. ఈ వాపుతోనే ఇద్దరు నా చేతుల్లో పోయినారు. ఫిట్సొచ్చినాయి, నేనేం చేయలేకపోతి. ఆసుపత్రిలోనయితే సూది ఉండాది, మందు ఉండాది. నువ్వు ఆడికే పోవల్ల."

"కొట్టించుకోనీకా?"

హనుమక్క లేచి కొంగు దులుపుకుంది. కొట్టేవాళ్ల దగ్గరే మందు ఉంది, ఒట్టి చేతులున్న తాను బయట ఉంది. ఎవడు పెట్టాడో ఈ ఏర్పాటు, వాడి తల్లిని కూడా ఒకసారి ఆ బల్ల మీద పడుకోబెట్టాలి అనుకుంది.

ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున్నే మళ్లీ వచ్చింది. చేతిలో వంకలో ఏరుకొచ్చిన నున్నటి గుండ్రాయి, పాత పంచె గుడ్డలో గట్టిగా చుట్టి ఉంది.

"లెయ్. గోడ దగ్గరికి రా."

మల్లీశ్వరిని గోడకు వీపు పెట్టి నిలబెట్టింది. నడుం కింద, తాను ఎప్పుడూ పిడికిలితో నొక్కే చోట, ఆ రాయిని గోడకూ వీపుకూ మధ్య ఇరికించింది.

"నొప్పి వచ్చినప్పుడు దీని మీదికి ఆనుకో. నా చెయ్యి అనుకో. అటూ ఇటూ ఊగు. పండుకోమంటారు, పండుకోకు, ఒంటికొస్తాండాది అని బాత్రూము కాడికి పో, ఆడ గోడ ఉంటాది. నొప్పి పొయ్యినాక గుటక నీళ్లు తాగు. ముక్కమన్నా అప్పుడే ముక్కొద్దు, కింద బరువు తెలిసేదాకా. బయమ్మ తిడితే ఇనబడనట్ల ఉండు."

"చెయ్యెత్తితే?"

"ఆమె పేరు పెట్టి పిలువు. బయమ్మత్తా అను. పేరు పెట్టి పిలిస్తే చెయ్యి లేచేది కష్టం." అది నిజమో కాదో హనుమక్కకే తెలియదు. ఏదో ఒకటి చేతికి ఇవ్వాలి కదా.

మూడు రోజులు అదే పని. పొద్దునా సాయంత్రమూ వచ్చి మల్లీశ్వరిని గోడ దగ్గర నిలబెట్టేది, ఊగించేది, ఊపిరి పీల్పించేది. కిటికీ సంగతి కూడా మాట్లాడుకున్నారు. వార్డుకు వెనక పక్క కిటికీ ఒకటి ఉంది, హనుమక్క దాని కింద ఉంటుంది. మల్లీశ్వరి "అవ్వా" అంటే హనుమక్క "ఆ" అనాలి. అంతే. రెక్క మూసినా వినబడుతుంది. ఎన్నిసార్లు పిలిచినా పలకాలి.

"వెయ్యిసార్లు పిలిచినా?"

"గొంతు పోతే మీ అత్తను నిలబెడతాలే."

మల్లీశ్వరి నవ్వింది. నాలుగో రోజు మధ్యాహ్నం మొగుడు ఓబిలేషు బెంగుళూరు నుంచి దిగాడు. అక్కడ అపార్ట్‌మెంట్లు కడుతున్నచోట సిమెంటు కలిపే పని. జుట్టంతా ఎర్రగా ఎండిపోయి ఉంది. సిమెంటు దుమ్ముకు ఎప్పుడూ దగ్గే వాడికి, నాలుగు మాటలకొకసారి గొంతు గీరుకుంటాడు. పెళ్లాం గోడకు ఆనుకుని ఊగుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. ఏం చెయ్యాలో తెలియక సంచీలోంచి యాపిల్ పళ్లు తీసి మంచం మీద పెట్టాడు.

*

నాలుగు రోజుల తర్వాత తెల్లవారి పాలు పితికే వేళకు నొప్పులు మొదలయ్యాయి. ఎనిమిదింటికల్లా ఆసుపత్రి గేటు దగ్గర ఉన్నారు. వరండాలో బల్ల వేసుకుని, ముందర పెద్ద పుస్తకం పెట్టుకుని నర్సు జయంతి కూర్చుంది. ముక్కూ మూతీ కనబడకుండా ఆకుపచ్చ గుడ్డ, తెల్ల కోటు. సుంకప్ప కోడలి కాన్పు రోజు కూడా డ్యూటీలో ఉన్నది ఈమే. ఆయా కొడుతుంటే నోరెత్తని మనిషి. హనుమక్క ఆమె ముఖం చూడకుండా గోడ మీద పోస్టరు చూసింది.

జయంతి మల్లీశ్వరి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. "నూటనలభై. చూస్తా ఉండల్ల" అని రాసుకుంది. "ఇంట్లో ఎవరికన్నా జరం, దగ్గు? బయట ఊర్ల నుంచి ఎవరన్నా వచ్చినారా?"

నాగలక్ష్మమ్మ ముందుకు వచ్చింది. ఆమె దారి పొడుగునా ఇదే ఆలోచిస్తూ వచ్చింది. కాంట్రాక్టరు కూతురికి జరిగిన మర్యాద ఊరంతా తెలిసిందే. తమదీ దిక్కులేని సంసారం కాదని ముందే తెలిస్తే కోడలి మీద చెయ్యి చేసుకోరు కదా అని ఆమె లెక్క.

"మావాడు ఉండేది బెంగుళూరులో సిస్టరమ్మా" అంది, గొంతు పెంచి, అందరికీ వినబడేలా. "ఆడ పెద్ద కంపెనీలో పని. పెండ్లాం కాన్పని ఏసీ బస్సులో వచ్చినాడు. వచ్చి నాలుగు దినాలు కూడా కాలేదు. మేమేమీ అంత లేనోళ్లం కాదు."

అదే సమయానికి ఓబిలేషు గొంతు గీరుకుని దగ్గాడు.

వరండాలో ఉన్న జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. జయంతి కుర్చీ కాళ్లు గచ్చు మీద కీచుమన్నాయి. లోపలి గదిలోంచి డాక్టరు కిటికీ దాకా వచ్చి, కిటికీ ఇవతలికి రాకుండా, అక్కడి నుంచే ఆ ముగ్గుర్నీ చూశాడు. ఆయన ముక్కుకు ఉన్న మాస్కు గట్టిది, ముందు పక్క చిన్న బిళ్ల కూడా ఉంది. ఆసుపత్రిలో అట్లాంటిది ఇంకెవరికీ లేదు.

"వెనక గదిలో పెట్టండి. శాంపిల్ పంపండి. రిపోర్టు వచ్చేదాకా ఎవరూ ఆ అమ్మాయిని వార్డులోకి తేవద్దు" అన్నాడు. "ఇతన్ని ఊరికి పంపించేయండి."

"ఏమైంది సార్?" అంది నాగలక్ష్మమ్మ. "బెంగుళూరే సార్, వేరే దేశమేం కాదు." తానేం తప్పు చేసిందో ఆమెకు ఎంతకీ అర్థం కాలేదు. ఓబిలేషు పోనని మొండికేశాడు. కొండప్ప వాణ్ని రెక్క పట్టి గేటు బయటికి తీసుకుపోయి రోడ్డవతల చింతచెట్టు కింద కూర్చోబెట్టాడు.

వెనక గది అంటే విరిగిన మంచాలూ బ్లీచింగు బస్తాలూ పడేసే గది. ఒక మంచం మాత్రం మిగతావాటి కంటే తక్కువ విరిగింది. బయట చెత్తకుప్ప, అందులో రక్తం గుడ్డలూ, వాడిన సూదులూ, కాన్పుల గదిలోంచి బకెట్లతో తెచ్చి పారబోసినవీ. రెండు పందులు ఆ కుప్పలో మూతి పెట్టి కెలుకుతున్నాయి. ఇది పందుల రోగమని పోస్టర్లు అంటించినవాళ్లు గోడ అవతలికి వచ్చి చూసుకోలేదు కాబోలు.

"నేను పోను ఆ గదిలోకి" అంది బయమ్మ, చీపురు పక్కన పడేసి. "నాకూ పిల్లోళ్లుండారు." పది రోజుల కిందట తొడల మీద అంత ధీమాగా లేచిన చెయ్యి ఇప్పుడు కొంగుతో ముక్కు మూసుకుంది. మల్లీశ్వరి తనే గోడ పట్టుకుని ఆ గదిలోకి నడిచింది. గడపలో నొప్పి వచ్చి ఆగింది. ఆమె దగ్గరికి ఒక్కరూ పోలేదు.

హనుమక్కను కూడా ఓబిలేషుతోపాటే గేటు బయటికి పంపేశారు. చువ్వల్లోంచి ఇదంతా చూస్తూ ఉంది.

"కొండప్పా, ఆ పిల్ల కాడ ఎవరుంటారు?"

"ఎవురూ ఉండరు. రిపోర్టు రావల్లంట."

"నేను పోతా."

కొండప్ప గేటు మీది కాగితం కేసి చూశాడు, దాన్ని మొదటిసారి చదువుతున్నట్టు. "ఇందులో కాన్పుల వార్డులోకి పోకూడదనే ఉండాది. వెనక గదికి నాకు ఆర్డరు ల్యా." గేటు సందు చేశాడు. "పోతే మల్ల బయటికి రాకూడదంటారేమో. చూసుకో."

చూసుకునేదేముంది. హనుమక్క చెప్పులు విడిచి, కొంగు నడుంకు దోపి లోపలికి పోయింది. మల్లీశ్వరి గడప దగ్గర కూలబడి ఉంది. హనుమక్కను చూడగానే ఏడ్చేసింది.

"అవ్వా, నన్ను కుష్టుదాని మాదిరి చేసినారు."

"చేయనీ. వాళ్లు చేసిన పనికే నేను లోపలికి వచ్చినా కదా. లెయ్."

*

ముందు గది ఊడ్చింది. బస్తాలు ఒక మూలకు లాగింది. మంచం మీది దుమ్ము దులిపి, ఇంటి నుంచి తెచ్చిన ఉతికిన చీర పరిచింది. ఆసుపత్రికని అత్త గట్టిగా అల్లిన రెండు జడలూ విప్పి జుట్టు వదులు చేసింది. నొప్పుల్లో ఉన్న మనిషి ఒంటి మీద ఎక్కడా ముడి ఉండకూడదని ఆమె పట్టింపు. రవికె ముడి, మొలతాడు, చేతికున్న తాయెత్తు తాడు, అన్నీ విప్పింది. గుండ్రాయిని ఒక మూలన పెట్టేసి, నొప్పి వచ్చినప్పుడల్లా మల్లీశ్వరిని తన మెడ పట్టుకుని వేలాడమని చెప్పి, నడుం కింద పిడికిలి పెట్టి నొక్కింది. నొప్పి పోగానే ఒక గుటక నీళ్లు. మళ్లీ నడక. మళ్లీ నొప్పి.

గంటకోసారి జయంతి వచ్చేది. గడపకు మూడడుగుల ఇవతల ఒక స్టూలు వేసింది. దాని మీద చేతి తొడుగులో, బీపీ పట్టీనో, డెట్టాల్ నీళ్లో పెట్టి వెనక్కి జరిగి నిలబడేది. అక్కడి నుంచే పట్టీ ఎట్లా కట్టాలో, గాలి ఎట్లా కొట్టాలో హనుమక్కకు చెప్పి, సూది ఎక్కడ ఆడుతోందో అడిగి రాసుకునేది.

మధ్యాహ్నం దాటాక హనుమక్క ఓర్పు తెగిపోయింది. ఉమ్మనీరు పోయింది, మల్లీశ్వరి అరుస్తోంది, లోపలెంత దారి తెరుచుకుందో చెయ్యి పెట్టి చూడాల్సిన మనిషి మూడడుగుల దూరంలో విగ్రహంలా నిలబడింది.

"దగ్గరికొస్తే మైల అంటుకుంటాదా సిస్టరమ్మా? మొన్న సుంకప్ప కోడల్ని కొడతాంటే దగ్గరుండే కదా చూసినావు. అప్పుడు రెండు అడుగులే దూరం. ఇప్పుడు మూడయిందా? ఆ తెల్లకోటు ఏంటికి తొడుక్కునింది, ఈగలు తోలనీకా?"

జయంతి వెనక ఉన్న గోడకు ఆనుకుంది. ఒక చెయ్యి వెనక్కి పోయి నడుం మీద నిలిచింది. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టింది. గొంతులో ఏదో వచ్చినట్టు రెండుసార్లు గుటక వేసి, మాస్కు పక్కకు లాగి బయటికి తిరిగి ఉమ్మింది.

హనుమక్క చేతులు ఆగాయి. అట్లా చెయ్యి పెట్టుకునే ఆడదాన్ని ఆమె కొన్ని వందల మందిని చూసింది. వదులు కోటు కింద ఏముందో చూడడానికి కోటు విప్పనక్కర్లేదు.

"ఎన్నో నెల?"

జయంతి పుస్తకం పొట్టకు అడ్డం పెట్టుకుంది. "ఆరు."

"ఆ డాక్టరుకు తెల్సా?"

"తెల్సు." గొంతు మాస్కులోంచి పీలగా వచ్చింది. "కడుపుతో ఉండేవాళ్లకి ఈ ఫ్లూ వస్తే బతికేది కష్టమని మాకందరికీ క్లాసు చెప్పినాడు. మరుసటి దినమే నాకు వెనక గది డ్యూటీ వేసినాడు. నాది కాంట్రాక్టు పోస్టు అవ్వా. లీవు అడిగితే ఇంగొకరు రెడీగా ఉండారు అన్నాడు. ఆ మంచి మాస్కు ఒకటియ్యండి సార్ అని అడిగితే, ఒకటే వచ్చింది అన్నాడు." పుస్తకం మూసి, "సుంకప్ప కోడలప్పుడు నేను నోరెత్తల్యా. అది నిజమే" అంది.

హనుమక్క ఇన్నాళ్లూ పోగేసుకున్న అసహ్యం ఈ పిల్ల మీద కుమ్మరించడానికి సిద్ధంగా ఉంది. ఇప్పుడు అది ఇక్కడ ఆగదు. వరండా దాటి, ఆ కిటికీ వెనక ఫ్యాను కింద కూర్చున్న బిళ్ల మాస్కు దాకా పోవాలి. అక్కడిదాకా తన గొంతు పోదని తెలిసి ఒళ్లు మండింది.

"ఆడనే ఉండు" అంది. "గడప దాటినావంటే కాళ్లిరగ్గొడతా. నువ్వు చెప్పు, నేను చేస్తా. నా చేతులకు తెలిసింది నాకుండాది, నీకు చదువు ఉండాది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతాం."

అట్లాగే జరిగింది. హనుమక్క తొడుగులు వేసుకుని చూసి, "నాలుగు వేళ్లు పడతాండాయి" అంటే జయంతి "ఇంగా ముక్కనీకూడదు" అంది. ఎండ గోడ మీదికి ఎక్కింది. బిడ్డ తల కనబడినప్పుడు హనుమక్క మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మల్లీశ్వరి రెండు చేతులూ మంచం పట్టీ పట్టుకుని, "అవ్వా" అంది. హనుమక్క "ఆ" అంది. మళ్లీ "అవ్వా", మళ్లీ "ఆ". కిటికీ కింద నిలబడి పలకాల్సిన మాట ముఖంలో ముఖం పెట్టి పలికింది. నాలుగు గంటలప్పుడు ఆడపిల్ల పుట్టింది, పుట్టగానే గట్టిగా ఏడ్చింది. స్టూలు మీది కత్తెర, దారం అందుకుని, జయంతి చెప్పినచోట బొడ్డు కోసింది. బిడ్డను చీర ముక్కలో చుట్టి తల్లి రొమ్ముల మీద పెట్టింది.

మాయ కూడా పడింది, ముక్క విరగకుండా. కానీ రక్తం ఆగలేదు. హనుమక్క పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి గుండ్రంగా రాసింది. గట్టిపడాల్సిన గర్భసంచి చేతి కింద మెత్తగా జారిపోతోంది. పరిచిన చీర తడిసి, మంచం కింద చుక్కలు చుక్కలుగా, తర్వాత ధారగా. మల్లీశ్వరి పెదాలు తెల్లబడ్డాయి.

"సిస్టరమ్మా" అంది హనుమక్క. రమ్మని మాత్రం అనలేదు.

జయంతి ట్రేలోంచి ఒక సీసా తీసింది, దాన్ని చూసి, "బీపీ ఉండేవాళ్లకి ఇది కూడదు" అని తనలో తాను అనుకుని పక్కన పెట్టి రెండోది తీసింది. సూదిలోకి ఎక్కించింది. మాస్కు మీద చీర కొంగు రెండు చుట్లు చుట్టుకుంది. గడప దాటి వచ్చి మల్లీశ్వరి తొడకు సూది వేసింది. వేసి వెళ్లిపోలేదు. హనుమక్క చేతి మీద తన చెయ్యి పెట్టి, "ఇట్ల కాదు, కిందికి ఒత్తి" అంటూ కలిసి రాసింది. వాళ్ల నాలుగు చేతులూ మణికట్ల దాకా రక్తమయ్యాయి. ఎంతసేపో తెలియదు. మెల్లగా అరచెయ్యి కింద గట్టి బంతి తెలిసింది. రక్తం తగ్గి, ఆగింది.

ఇద్దరూ బ్లీచింగు నీళ్లలో చేతులు కడుక్కున్నారు. జయంతి బయటికి పోయి గోడ దగ్గర వాంతి చేసుకుంది. హనుమక్క వెనకే పోయి ఆమె నుదురు పట్టుకుంది.

వరండా చివర నుంచి డాక్టరు గొంతు వినబడింది. "జయంతీ, ఆ బెంగుళూరు కేసు అయిపోయిందా?"

"అయిపోయింది సార్."

"గుడ్" అని ఆయన లోపలికి పోయాడు.

*

తర్వాత మూడు రోజులు ఆ గది పక్కకు ఎవరూ రాలేదు. హనుమక్కకు అంత తీరిక ఏ ఆసుపత్రిలోనూ దొరకలేదు. బిడ్డకు పాలు పట్టడం నేర్పింది, ఎవరూ తొందరపెట్టలేదు. మల్లీశ్వరికి వాపు తగ్గిందో లేదో పూటకొకసారి బొటనవేలుతో నొక్కి చూసింది. నాగలక్ష్మమ్మ గేటు దగ్గర జొన్నరొట్టెలు ఇచ్చి పోయేది. ఓబిలేషు ఊరికి పోకుండా చింతచెట్టు కిందే కూర్చున్నాడు. హనుమక్క బిడ్డను దూరం నుంచి ఎత్తి చూపిస్తే లేచి నిలబడ్డాడు.

నాలుగో రోజు పొద్దున రిపోర్టు వచ్చింది. ఏ రోగమూ లేదు. డాక్టరు మొట్టమొదటిసారి వెనక గదికి వచ్చాడు, మాస్కు లేకుండా, నవ్వుతూ.

"ఏం లేదమ్మా, నెగటివ్. అదృష్టవంతురాలివి. వార్డులో మంచం ఇస్తారు, రేపు ఇంటికి పోవచ్చు." అప్పుడు ఆయన కళ్లు హనుమక్క మీద పడ్డాయి. "ఈమెవరు?"

"వాళ్లతో వచ్చినామె సార్" అంది జయంతి.

"అటెండెంట్లు వద్దని ఆర్డరుంది కదా. ఎవరు వదిలారు లోపలికి? ఇన్ఫెక్షన్లు తెచ్చేది ఇట్లాంటి ముసలివాళ్లే. పంపించండి బయటికి."

రోగం ఉండొచ్చు అన్న మూడు రోజులూ ఆమె ఆ గదిలో ఉండొచ్చు. రోగం లేదని తేలిన క్షణం ఆమె ఉండకూడదు. హనుమక్క ఆ ముఖంలోకి చూసింది. నున్నగా గీసిన గడ్డం, శుభ్రమైన చొక్కా. ఆ మనిషిని చూస్తే కోపం కూడా రాలేదు, బయట ఆ కుప్పను చూసినప్పుడు వచ్చిన వికారమే వచ్చింది. చాలా అనాలనుకుంది. మల్లీశ్వరి ఇంకో రోజు వీళ్ల చేతుల్లోనే ఉండాలి కాబట్టి, చీర మడత పెట్టుకుని, బిడ్డ అరికాళ్లు ఒకసారి తాకి, గేటు బయటికి వచ్చింది.

చెప్పులు తొడుక్కుంటుండగా ఆటో వచ్చి ఆగింది. కంబదూరు పక్క పల్లె నుంచి ఒక పిల్ల. మల్లీశ్వరి కంటే కూడా చిన్నది. వెంట తండ్రి నాగప్ప ఒక్కడే, భుజం మీద కంబళి. గొర్రెల వాసన వస్తోంది ఇద్దరి దగ్గరా. వాళ్లమ్మ లేదని, ఇంట్లో ఇంకో ఆడమనిషే లేదని ఆయన కొండప్పకు చెప్పుకుంటున్నాడు. ఆ పిల్ల గేటు చువ్వ పట్టుకుని వంగిపోయింది. లోపల వరండాలో బయమ్మ తొడుగులు వేసుకుంటూ, "మళ్లొకటి వచ్చిందా" అంటోంది.

జయంతి బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. బీపీ చూసింది, రాసుకుంది.

"మీ ఆయన యాడుంటాడు?"

"గొర్లు కాస్తాడు సిస్టరమ్మా. ఊర్లోనే."

జయంతి కలం ఆగింది. తలెత్తి చూసింది. ఆ పిల్లను కాదు, ఆమె భుజం మీదుగా, గేటు బయట నిలబడ్డ హనుమక్కను. లోపలి గది కిటికీలో డాక్టరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. జయంతి తల వంచుకుని పుస్తకంలో ఏదో రాసింది. తర్వాత గట్టిగా, ఆ కిటికీకి వినబడేలా చదివింది.

"భర్త బెంగుళూరు నుంచి వచ్చి మూడు దినాలు. దగ్గు ఉండాది. సార్, వెనక గదికి పంపుతాండా."

కిటికీలో డాక్టరు ఫోను చెవి నుంచి తీయకుండానే జేబులోంచి మాస్కు తీసి తగిలించుకుని, అటెళ్లమని చెయ్యి ఊపాడు. బయమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"లేదు సిస్టరమ్మా" అంది ఆ పిల్ల, బెదిరిపోయి. "మా ఆయన కల్యాణదుర్గం కూడా దాటల్యా. బెంగుళూరు ఎట్లుంటాదో కూడా తెలీదు."

"గమ్మునుండు" అంది జయంతి మెల్లగా. "శాంపిల్ పంపితే రిపోర్టు వచ్చేకి మూడు దినాలు. అందాక ఆయన ఆ పక్కకు రాడు, బయమ్మా రాదు." కొండప్పను పిలిచింది. "గేటు తియ్ అన్నా. వెనక గదికి మనిషి కావల్ల."

కొండప్ప కాగితం కేసి చూడలేదు. గేటు తీశాడు.

హనుమక్క మళ్లీ చెప్పులు విడిచింది. బెంగుళూరు అని రాసిన ఆ గీతలు ఆమెకు చదవడం రాదు, కానీ అందులో ఏముందో తెలుసు. నొప్పులు పడే పిల్ల పక్కన ఒక మనిషి ఉండడానికి, ఆ పిల్లకు రోగం అంటగట్టాల్సి వచ్చింది. నోట్లో చేదు ఊరింది. మింగేసి, లోపలికి నడిచి, ఆ పిల్ల చంకలో చెయ్యి వేసి లేపింది.

"మా ఆయనకు ఏ రోగమూ లేదవ్వా" అని ఏడుస్తోంది ఆ పిల్ల. "అట్ల రాయొద్దని చెప్పు. ఊర్లో తెలిస్తే మా గొర్ల పాలు కూడా ఎవురూ తాగరు."

"చెప్తాలే" అంది హనుమక్క. "ముందు జడ విప్పు. నొప్పి యాడ తీస్తాండాదో చూపించు."